రెండు కార్డులు, ఒకటే సమయం

ఏప్రిల్ రాత్రి. బీర్కూర్‌లో మేడ మీది గది. కిటికీ అవతల బాన్సువాడ వైపు వడ్ల లారీ హారన్ కొట్టుకుంటూ పోతోంది. లోపల కూలర్ మోత. బల్ల మీద మూతలు తీసిన రెండు పాత కంప్యూటర్లు, ఒక్కోదాంట్లో ఇంటెల్ ఐ210 నెట్‌వర్క్ కార్డు. రెండింటి మధ్య రెండు మీటర్ల లాన్ కేబుల్.

"ఏం తమ్మీ, కలిసినయా?"

"ఇంక లేదన్నా, జర ఆగు."

తమ్ముడు లైనక్స్‌లో, రెండు కార్డుల గడియారాలను కలిపే పీటీపీ ఫోర్ ఎల్ ప్రోగ్రాం నడిపిస్తాడు. తెర మీద సెకనుకో లైను. మొదటి లైన్లో తేడా చాంతాడంత అంకె. పక్కన ఎస్0, అంటే ఇంకా పట్టు దొరకలేదు. తర్వాత ఎస్1, గడియారాన్ని ఒక్కసారిగా జరిపేసింది. ఆపైన ఎస్2. ఇక అంకెలు దిగుతున్నాయి: మైనస్ 412, 96, మైనస్ 23, 9. ఇవి నానోసెకన్లు, సెకనులో వందకోట్లో వంతులు.

అసలు పని కేబుల్ రెండు కొసల్లో జరుగుతోంది. మొదటి కార్డు 'సింక్' పంపుతుంది, రెండోది 'డిలే రిక్వెస్ట్' తిరిగి పంపుతుంది. బయలుదేరిన క్షణాలు రెండు, చేరిన క్షణాలు రెండు. కబురు ప్రాసెసర్ దాకా పోతే అక్కడి పనుల వరసలో ఎంతసేపు ఆగుతుందో చెప్పలేం. అందుకే గుమ్మంలోనే, కార్డు మీదే, టైం ముద్ర పడుతుంది. పోయినంతసేపే రావడానికీ పడుతుందనుకుని ఆ నాలుగింటితో లెక్క కడితే గడియారాల తేడా తేలుతుంది. 2002లో వచ్చిన ఐఈఈఈ 1588 ప్రమాణం సారమిదే.

"అన్నా, కూలర్ బంద్ చేస్త, ఆ 'ఫ్రీక్' అంకె చూడు."

మోత ఆగింది. గది వేడెక్కుతున్నకొద్దీ ఆ అంకె మెల్లగా జరుగుతోంది, తేడా మాత్రం సున్నా చుట్టూనే తిరుగుతోంది. వేడికి, గడియారాన్ని నడిపే క్వార్ట్జ్ స్ఫటికం వేగం మారుతుంది; దాన్ని ప్రోగ్రాం ఎప్పటికప్పుడు సరిచేస్తోంది, ఆ దిద్దుబాటే 'ఫ్రీక్' అంకె. సెకనుకు 8 మైక్రోసెకన్లు ఎక్కువ పరుగెత్తే స్ఫటికాన్ని వదిలేస్తే, రోజు తిరిగేసరికి 0.7 సెకను ముందుంటుంది.

"సున్నా వచ్చిందంటే కరెక్టే కదనే?"

కానక్కర్లేదు. పోను, రాను దారులు సమానమన్నది మన ఊహే. పోను ఒక పోగు, రాను ఒక పోగు ఉండే ఫైబర్ సంగతి చూడండి. అందులో వెలుగు 200 మీటర్లు పోవడానికి దాదాపు 1 మైక్రోసెకను పడుతుంది. పోయే పోగు వచ్చే పోగుకంటే అంత పొడవుంటే, లెక్కలో అర మైక్రోసెకను తప్పు పడుతుంది. తెర మీద సున్నాయే కనిపిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పంపడం, వినడం వంతులవారీగా నడిపే 5జీ టవర్లు అసలు సమయానికి 1.5 మైక్రోసెకన్లలోపు ఉండాలి. అందులో మూడోవంతు ఇక్కడే పోయినట్టు.

ఆ దారుల తేడాను విడిగా కొలిచి, 'డిలే అసిమెట్రీ' అన్న చోట మనమే రాయాలి. తమ్ముడు సెట్టింగుల ఫైల్ తెరిచి ఆ వరుస దగ్గర ఆగాడు.

"మనకెంత రాయాలన్నా?"

"రెండు మీటర్ల వైరుకు సున్నా ఉంచు. టవర్ పని దొరికిననాడు కొలిచి రాద్దువు."