తొమ్మిది టైటిళ్ల సాధన: మాస్టర్స్ 1000 టెన్నిస్‌లో యువతారల అవకాశాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పురుషుల టెన్నిస్ పర్యటనలో గ్రాండ్‌స్లామ్‌ల తరువాత అంతటి ప్రతిష్ఠ గలవి మాస్టర్స్ 1000 పోటీలు. ఏటా జరిగే ఈ తొమ్మిది పోటీలలోనూ సింగిల్స్ టైటిల్ గెలిచిన క్రీడాకారుడు 2025 సీజన్ ముగిసేనాటికి నొవాక్ జొకోవిచ్ ఒక్కడే. ఈ తరంలో అగ్రస్థానంలో ఉన్న కార్లోస్ అల్కరాస్, యానిక్ సినర్‌లకు ఆ ఘనత సాధ్యమా అన్న ప్రశ్నను పూర్వ క్రీడాకారుల అనుభవాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టెన్నిస్ చరిత్ర, మాస్టర్స్ 1000, జొకోవిచ్, నాదల్, అల్కరాస్, సినర్.

1. ఉపోద్ఘాతం

ఒక క్రీడాకారుడు ఎన్ని టైటిళ్లు గెలిచాడన్నది ఒక లెక్క. ఎన్ని భిన్నమైన చోట్ల గెలిచాడన్నది మరొక లెక్క. మొదటిది అతని ఆధిపత్యాన్ని తెలిపితే, రెండవది అతని ఆటలోని సర్వతోముఖత్వాన్ని తెలుపుతుంది. ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. రఫెల్ నాదల్ 36 మాస్టర్స్ టైటిళ్లు గెలిచినా, నేటి తొమ్మిది పోటీలలో అతనికి దక్కినవి ఆరు మాత్రమే. ఆండీ ముర్రే మొత్తం 14 టైటిళ్లే గెలిచినా, అవి ఏడు వేర్వేరు పోటీలలోనివి. యువతారల భవిష్యత్తును అంచనా వేసేటప్పుడు ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

2. పోటీల స్వరూపం – పరిణామం

1990లో ఏటీపీ టూర్ ఆరంభమైనప్పుడే తొమ్మిది పెద్ద పోటీలను ఒక శ్రేణిగా ఏర్పరచారు. 2009 నుంచి ఆ శ్రేణి మాస్టర్స్ 1000 పేరుతో కొనసాగుతున్నది. ఇండియన్ వెల్స్, మయామీ, మాంటెకార్లో, రోమ్, కెనడా, సిన్సినాటి, పారిస్ పోటీలు ఆది నుంచీ ఇందులో ఉన్నవే. మిగిలిన రెండు స్థానాలు మారుతూ వచ్చాయి. శరదృతువులో జరిగే ఇండోర్ పోటీ స్టాక్‌హోమ్ నుంచి ఎసెన్‌కు, అక్కడినుంచి స్టట్‌గార్ట్‌కు, 2002లో మాడ్రిడ్‌కు తరలింది. 2009లో మాడ్రిడ్ పోటీని మే నెలకు, మట్టి కోర్టుకు మార్చారు. దానితో హాంబర్గ్ ఈ శ్రేణి నుంచి తొలగింది. అక్టోబరులో షాంఘై చేరింది.

ఈ తొమ్మిదింటిలో పచ్చిక కోర్టు పోటీ ఒక్కటీ లేదు. మాంటెకార్లో, మాడ్రిడ్, రోమ్ మట్టి కోర్టులు. పారిస్ ఇండోర్ హార్డ్ కోర్టు. తక్కిన అయిదూ ఆరుబయటి హార్డ్ కోర్టులు. పేరుకు ఒకే రకమైనా వీటి స్వభావం ఒకటి కాదు. ఇండియన్ వెల్స్‌ది ఎడారి పొడిగాలి, మయామీది సముద్రతీరపు ఉక్కపోత. మాడ్రిడ్ సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున ఉండడంతో అక్కడి మట్టి మీద కూడా బంతి వేగంగా దూసుకుపోతుంది. సీజన్ చివర, శరీరం అలసిపోయిన దశలో పారిస్ వస్తుంది. అన్నిచోట్లా గెలవాలంటే ప్రతిభతోపాటు ఆటను పరిసరాలకు తగినట్లు మలచుకునే నేర్పు, ఏడాది పొడవునా నిలిచే దేహదారుఢ్యం కావాలి.

3. పూర్వుల అనుభవం

పీట్ సంప్రాస్ ఈ శ్రేణిలో 11 టైటిళ్లు గెలిచాడు. మట్టి కోర్టులపై అతనికి దక్కినది 1994 నాటి రోమ్ ఒక్కటే. ఆండ్రీ అగస్సీ 17 టైటిళ్లు గెలిచి, ఏడు భిన్న పోటీలలో విజేతగా నిలిచినా మాంటెకార్లో, హాంబర్గ్ అతనికి అందలేదు. రోజర్ ఫెడరర్ 28 టైటిళ్ల విజేత. మాంటెకార్లోలో నాలుగుసార్లు, రోమ్‌లో నాలుగుసార్లు ఫైనల్‌కు చేరి, ఎనిమిదింటిలోనూ ఓడిపోయాడు. ఆ రెండు పోటీలే అతని జాబితాలో శాశ్వతంగా ఖాళీగా మిగిలాయి.

నాదల్ ఉదాహరణ మరింత ఆలోచింపజేసేది. 22 ఏళ్ల వయసుకే అతడు మాంటెకార్లో, రోమ్, హాంబర్గ్, కెనడా, ఇండోర్ మాడ్రిడ్, ఇండియన్ వెల్స్ గెలిచాడు. అంటే ఆనాటి తొమ్మిదింటిలో ఆరు. ఆ దశలో అతడు మిగిలిన మూడింటినీ సాధించలేడని ఎవరూ నిశ్చయంగా చెప్పగలిగేవారు కారు. అయినా మయామీలో అయిదు ఫైనల్స్, షాంఘైలో రెండు, పారిస్‌లో ఒకటి ఆడి అన్నింటిలోనూ ఓడాడు. చిన్న వయసులో సాధించిన సంఖ్య పూర్ణతకు హామీ కాదన్నది దీనినుంచి తెలిసే మొదటి విషయం.

జొకోవిచ్ 2007లో, 19 ఏళ్ల వయసులో మయామీ గెలిచి ఈ ప్రయాణం మొదలుపెట్టాడు. 2013లో మాంటెకార్లో ఫైనల్లో, అక్కడ వరుసగా ఎనిమిదేళ్లు విజేతగా నిలిచిన నాదల్‌ను ఓడించడంతో ఎనిమిదో పోటీ అతని వశమైంది. తొమ్మిదవదైన సిన్సినాటికి మరో అయిదేళ్లు పట్టింది. అక్కడ అయిదు ఫైనల్స్ ఓడిన తరువాత, 2018లో ఫెడరర్‌ను 6-4, 6-4తో ఓడించి, 31 ఏళ్ల వయసులో జాబితాను పూర్తి చేశాడు. తొలి టైటిల్ నుంచి చివరిదాకా పదకొండేళ్లు. 2020లో సిన్సినాటి పోటీని కరోనా కారణంగా న్యూయార్క్‌లో నిర్వహించినప్పుడు మళ్లీ గెలిచి, తొమ్మిదింటినీ రెండేసిసార్లు గెలిచిన ఘనత కూడా పొందాడు. అతని మొత్తం మాస్టర్స్ టైటిళ్లు 40. అత్యధిక టైటిళ్ల విజేతకే ఒక్క పోటీ ఇంతకాలం చిక్కకపోవడం ఈ లక్ష్యం ఎంత కఠినమో చెబుతుంది.

4. నేటి ఇద్దరు

2003లో జన్మించిన అల్కరాస్ 2025 చివరికి ఎనిమిది మాస్టర్స్ టైటిళ్లు గెలిచాడు. అవి ఆరు పోటీలలోనివి: మయామీ, మాడ్రిడ్, ఇండియన్ వెల్స్, మాంటెకార్లో, రోమ్, సిన్సినాటి. 2001లో జన్మించిన సినర్ అయిదు టైటిళ్లు గెలిచాడు. అవి అయిదు వేర్వేరు పోటీలవి: కెనడా, మయామీ, సిన్సినాటి, షాంఘై, పారిస్. అదే వయసులలో జొకోవిచ్‌తో పోల్చితే, 2009 చివరికి 22 ఏళ్ల జొకోవిచ్ ఖాతాలో అయిదు పోటీలు, 2011 చివరికి 24 ఏళ్ల వయసులో ఆరు ఉన్నాయి. ఈ లెక్కన అల్కరాస్ ఒక అడుగు ముందున, సినర్ ఒక అడుగు వెనుక ఉన్నారు.

ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెడితే ఒక విశేషం కనిపిస్తుంది. మార్చి నుంచి మే వరకు జరిగే మొదటి అయిదు పోటీలనూ అల్కరాస్ గెలిచాడు. ఆగస్టు నుంచి సీజన్ చివరివరకు జరిగే నాలుగింటినీ సినర్ గెలిచాడు. అల్కరాస్‌కు లోటుగా ఉన్న కెనడా, షాంఘై, పారిస్ సినర్ వద్ద ఉన్నాయి. సినర్‌కు లోటుగా ఉన్న ఇండియన్ వెల్స్, మాంటెకార్లో, మాడ్రిడ్, రోమ్ అల్కరాస్ వద్ద ఉన్నాయి. ఇద్దరివీ కలిపితే తొమ్మిదీ పూర్తవుతాయి. విడివిడిగా చూస్తే ఇద్దరూ అసంపూర్ణులే.

5. మిగిలిన దూరం

గెలిచిన పోటీల సంఖ్యతోనే ఆగిపోతే అల్కరాస్ ముందున్నట్లే. గెలవని పోటీలలో ఎవరు ఎంతదూరం వెళ్లారన్నది చూస్తే అంచనా తారుమారవుతుంది. సినర్ 2025 రోమ్ ఫైనల్‌కు చేరి అల్కరాస్ చేతిలో ఓడాడు. ఇండియన్ వెల్స్‌లో 2023, 2024లలో సెమీఫైనల్ ఆడి రెండుసార్లూ అల్కరాస్‌కే తలవంచాడు. మాంటెకార్లోలోనూ ఆ రెండేళ్లు సెమీఫైనల్ చేరాడు. 2025లో డోపింగ్ వ్యవహారం పరిష్కారంలో భాగంగా ఫిబ్రవరి నుంచి మే ఆరంభం వరకు మూడు నెలల నిషేధం అమలులో ఉండడంతో ఇండియన్ వెల్స్, మాంటెకార్లో, మాడ్రిడ్ పోటీలు ఆడలేకపోయాడు. అతనికి మిగిలిన నాలుగింటిలో మాడ్రిడ్ ఒక్కచోటే అతడు ఇంకా సెమీఫైనల్ ఆడలేదు.

అల్కరాస్ పరిస్థితి భిన్నం. కెనడా, షాంఘై, పారిస్ మూడింటిలోనూ 2025 చివరివరకు అతడు క్వార్టర్‌ఫైనల్ దాటలేదు. 2025లో కెనడా ఆడలేదు. చీలమండ గాయంతో షాంఘై నుంచి తప్పుకున్నాడు. పారిస్‌లో తన తొలి మ్యాచ్‌లోనే కామెరాన్ నోరీ చేతిలో ఓడాడు. సిన్సినాటిలో జొకోవిచ్‌ది గమ్యం అంచున పదేపదే ఆగిన అనుభవం. ఈ మూడుచోట్ల అల్కరాస్ ఆ అంచుకే చేరలేదు. అతనికి అడ్డు హార్డ్ కోర్టు కాదు. ఇండియన్ వెల్స్, మయామీ, సిన్సినాటి విజయాలే అందుకు నిదర్శనం. సీజన్ రెండవ అర్ధభాగంలో దేహాన్ని, పోటీల ఎంపికను నిర్వహించుకోవడంలోనే అసలు చిక్కు ఉందని ఈ ఫలితాలు సూచిస్తున్నాయి.

పోటీల విధానం కూడా ఈ చిక్కును పెంచుతున్నది. 2023లో మాడ్రిడ్, రోమ్, షాంఘై, 2025లో కెనడా, సిన్సినాటి పన్నెండు రోజుల, 96 మంది ఆటగాళ్ల పోటీలుగా విస్తరించాయి. తొలి రౌండులో బై లభించినవారు కూడా టైటిల్‌కు ఆరు మ్యాచ్‌లు గెలవాలి. 2025లో అల్కరాస్, సినర్, జొకోవిచ్ ముగ్గురూ కెనడాకు దూరంగా ఉండడం ఈ భారం ఎలాంటిదో తెలుపుతుంది. ఆడని పోటీని గెలవడం ఎవరికీ సాధ్యం కాదు గనుక, తీరిక లేని పోటీల పట్టికే ప్రత్యర్థిగా మారిందనవచ్చు. మరోవైపు సౌదీ అరేబియాలో పదవ మాస్టర్స్ పోటీ నెలకొల్పనున్నట్లు ఏటీపీ 2025 అక్టోబరులో ప్రకటించింది. అది అమలైతే ‘అన్నీ గెలవడం’ అన్న మాటకు అర్థమే మారుతుంది.

6. ముగింపు

యువతారలకు అన్ని మాస్టర్స్ టైటిళ్లూ సాధ్యమా అన్న ప్రశ్నకు చరిత్ర సాధ్యమనే చెబుతుంది. సులభమని మాత్రం చెప్పదు. ఆరు పోటీలు త్వరగా గెలిచి ఆగిపోయిన నాదల్, తొమ్మిదవదానికి అయిదేళ్లు వేచిన జొకోవిచ్ ఇందుకు రెండు కొలమానాలు. సంఖ్యలో అల్కరాస్ ముందున్నా, మిగిలిన పోటీలలో చేరిన దశలను బట్టి సినర్ మార్గమే దగ్గరగా కనిపిస్తున్నది. అయితే ఆ మార్గంలోని మట్టి కోర్టులపై ఎదురయ్యేది అల్కరాసే. ఆగస్టు తరువాత అల్కరాస్‌కు ఎదురయ్యేదీ సినరే. ఫెడరర్, నాదల్, జొకోవిచ్ ఒకే కాలంలో ఆడి ఒకరి జాబితాలో మరొకరు ఖాళీలు మిగిల్చినట్లే, ఈ ఇద్దరిలో ఒకరి పూర్ణత మరొకరి ఓటమిపై ఆధారపడి ఉన్నది.