నల్లగొండ ఎముకలు – ఉద్దానం మూత్రపిండాలు: పరిశోధన చరిత్రపై ఒక పరిశీలన

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎముకలనూ దెబ్బతీస్తుందన్న అవగాహన క్రమంగా ఏర్పడింది. 1943లో లియు, చూ అనే వైద్యులు చైనా రోగులను పరిశీలించి ఈ స్థితిని 'రీనల్ ఆస్టియోడిస్ట్రఫీ' అన్నారు. విటమిన్ డి క్రియాశీల రూపం మూత్రపిండాలలో తయారవుతుందని 1970లో ఫ్రేజర్, కోడిసెక్ చూపారు.

తెలుగు నేలపై పరిశోధన ఎముకతో మొదలైంది. 1937లో షార్ట్ బృందం నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను నమోదు చేసింది. 1955లో సిద్దిఖీ నల్లగొండ రోగులను వర్ణించారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాలలో మోకాళ్ళు లోపలికి వంగడం, ఎముకలు గుల్లబారడం కలిసి కనిపిస్తున్నాయని వెల్లడించారు.

శరీరంలో చేరిన ఫ్లోరైడును ప్రధానంగా వెలుపలికి పంపేది మూత్రపిండాలే. అవి దెబ్బతింటే ఆ ఫ్లోరైడు ఎముకలలో మరింత పేరుకుంటుంది. అందువల్ల నల్లగొండలో ఎముకను, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాన్ని విడివిడిగా చూడడం అసంపూర్ణ దృష్టి అవుతుంది. 2006లో కెడిగో సంస్థ రక్తంలోని ఖనిజాల మార్పులను, ఎముకల లోపాలను, రక్తనాళాలలో కాల్షియం పేరుకోవడాన్ని ఒకే రుగ్మతగా నిర్వచించింది.

డయాలసిస్‌పై బతికే ఉద్దానం జీడితోట కూలీకి ఎముక విరిగితే జీవనాధారమే పోతుంది. కనుక అక్కడి మూత్రపిండ వ్యాధి చరిత్రలో ఎముక చరిత్ర కూడా భాగం కావలసిన అవసరం ఎంతైనా ఉంది.