తిరుత్తణి, తిరువళ్ళూరు సీమల నుండి నేటాలు వలస : కూలీల హక్కుల రక్షణ

దక్షిణాపథమున మొదటి రైలుబండి 1856 జూలై 1వ తేదీన చెన్నపట్టణపు రాయపురము నుండి వాలాజా వరకు నడచెను. తిరువళ్ళూరు ఆ దారిలోని యూరు. కొన్ని యేండ్లకు అరక్కోణము నుండి ఉత్తరముగా చీలి రేణిగుంట వైపు సాగిన మార్గముపై తిరుత్తణి చేరినది. మొదటి బండి నడచిన నాలుగేండ్లకు, 1860 అక్టోబరు 12న, ‘ట్రూరో’ అను ఓడ 342 మంది కూలీలతో చెన్నపట్టణపు రేవు విడిచి, నవంబరు 16న ఆఫ్రికా ఆగ్నేయ తీరమున నేటాలు దేశపు డర్బను రేవు చేరెను. ఈ రెండు సంగతులకును సంబంధము లేదని తలచుట సరికాదు. చెరువెండిన గ్రామపు కూలికి, కాలినడకన కొన్ని దినముల దూరమున నుండిన సముద్రము, కొన్ని గంటల దూరమునకు వచ్చినది.

1860 మొదలు 1911 వరకు నేటాలుకు పోయిన గిరిమిటి కూలీలు 1,52,184 మంది. వీరిలో సుమారు మూడింట రెండువంతులు చెన్నపట్టణమున ఓడ నెక్కినవారే. ఉత్తర ఆర్కాటు, చెంగల్పట్టు, విశాఖపట్టణము జిల్లాలు వీరికి ముఖ్యమైన పుట్టినిళ్ళు. ఓడ పట్టికలలో ప్రతి కూలికిని ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, దేహముపై పుట్టుమచ్చలు వ్రాయబడినవి. తెలుగు, తమిళ నామములను ఇంగ్లీషు లేఖకుడు తన చెవికి తోచినట్లు వ్రాసికొనుటచే పెక్కు గ్రామములు నేడు గుర్తింపరానివై యున్నవి.

ఈ పట్టికలను పరిశోధించువారు ఒక విషయము నెరిగి యుండవలెను. తిరుత్తణి నాడు కార్వేటినగరము జమీందారీలోనిది, ఉత్తర ఆర్కాటు జిల్లాకు చేరినది. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911 ఏప్రిల్ 1న. నేటాలు వలస నిలిచినది అదే యేట జూలై 1న. కావున తిరుత్తణి వారిని చిత్తూరు జిల్లా పేర వెదకిన దొరకరు. పటాస్కరు తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరెను, తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల నుండి సత్యవేడు ప్రాంతము ఆంధ్రకు వచ్చెను. డర్బనులోని మనుమలకు ఈ సరిహద్దు మార్పులు తెలియవు. వారు తాతల యూరిని ఒక జిల్లాలో వెదకుచుండగా ఆ యూరు జిల్లాలును, రాష్ట్రమును మారినది.

ఇక హక్కుల సంగతి. కూలీల రక్షణకై చట్టములు లేకపోలేదు. 1837 నాటి చట్టము ప్రకారము వలస పోవువాడు ఏజెంటుతో కూడ ప్రభుత్వాధికారి యెదుట నిలిచి ఒప్పందమును చూపవలెను. మారిషసు తోటలలోని దుస్థితి బయటపడి యలజడి రేగగా 1839లో వలస నిషేధింపబడెను. 1842లో మరల తెరచిన పిమ్మట చెన్నపట్టణాది రేవులలో ‘వలస పరిరక్షకుడు’ అను నధికారిని నియమించిరి. షరతులను కూలికి తెలిసిన భాషలో వివరింపవలెననియు, అతడు ఇష్టపూర్వకముగ పోవుచున్నాడని నిర్ధారింపవలెననియు నియమము. ఒక యింట తెలుగును, పొరుగింట తమిళమును మాటలాడు తిరుత్తణి వంటి చోట్ల ‘తెలిసిన భాష’ ఏదియో నిర్ణయించుటయే ఒక పని.

ఒప్పందము అయిదేండ్లకు. మొదటి యేట నెలకు 10 షిల్లింగులు, ఏటేట ఒక్కొక్క షిల్లింగు పెరిగి అయిదవ యేట 14. తిండి, ఇల్లు యజమానివి. పదేండ్లు నిండినచో తిరుగు ప్రయాణము ఉచితము. కాగితముపై ఇందు లోపమెన్నుట కష్టము. లోపము వేరొకచోట నున్నది. పరిరక్షకుడు ఓడ బయలుదేరు రేవున నుండెను. చెరకుతోటలో కూలికి అండ ఎవరును లేరు.

దీనిని వెలికి తెచ్చినవారు చట్టకర్తలు కారు, కూలీలే. నేటాలున ఆర్థికమాంద్యము వలన 1866లో వలస ఆగెను. పదేండ్లు నిండిన తొలి జట్టు 1871లో చెన్నపట్టణము చేరి, జీతములు సరిగా ముట్టలేదనియు, ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ళ కూలి కోసిరనియు, కొట్టిరనియు అధికారులకు మొరపెట్టుకొనెను. చదువెరుగని ఈ కొద్దిమంది వాఙ్మూలము ఒక దేశపు పంచదార వ్యాపారమునే నిలువరించినది. విచారణ జరుగువరకు ఒక్క కూలినైనను పంపబోమని భారత ప్రభుత్వము పట్టుపట్టగా, 1872లో నేటాలు ప్రభుత్వము కమిషను వేసి, కొరడా శిక్షను తొలగించుటకును, తమ దేశముననే భారతీయ వలసదారులకు పరిరక్షకుని నియమించుటకును ఒప్పుకొనెను. 1874లో వలస మరల మొదలయ్యెను. రెండేండ్లకే, 1876 నుండి 1878 వరకు, ధాతుకరువు ఉత్తర ఆర్కాటు, చెంగల్పట్టు సీమలను పీడించెను. గంజికి లేనివాడు షరతులను బేరమాడునా?

నేటాలు పరిరక్షకుని కొలువు ఏపాటి రక్షణ నిచ్చెనో 1891 నాటి ఆ దేశపు చట్టము తెలుపును. ఒక తోటలోని కూలీలు గుంపుగా సెలవు లేక ఫిర్యాదునకై వెడలిరేని, ఆ ఫిర్యాదు నిజమని తేలినను, వారు శిక్షార్హులే! మొర వినుటకు అధికారిని నియమించి, మొరపెట్ట బోవుటను నేరముగా నెంచిన ఈ నియమమునకు వ్యాఖ్యానము అనవసరము. 1894లో బాలసుందరమను తమిళ కూలి, యజమాని కొట్టగా పండ్లూడి, తలపాగా చేతపట్టుకొని గాంధీ కార్యాలయమునకు వచ్చిన వృత్తాంతము ఆయన ఆత్మకథ వలన సుప్రసిద్ధము. ఆ వ్యవహారమున సైతము జరిగినది ఒప్పందము మరియొక యజమానికి మారుటయే; కూలికి విముక్తి లేదు.

మరుసటి యేట, గిరిమిటి తీరియు తిరిగి పోనివారిపై తలకు సాలునకు 3 పౌనుల పన్ను విధింపబడెను. 3 పౌనులనగా 60 షిల్లింగులు; అయిదవయేటి జీతముతో లెక్కించినను నాలుగు నెలల సంపాదనకు మించినది. తిరిగి గిరిమిటి వ్రాయుటయో, దేశము విడుచుటయో తప్ప గత్యంతరము లేకుండ జేయుటయే దాని యుద్దేశము. 1913 నాటి సమ్మెలో వేలకొలది కూలీలు గనులను, తోటలను విడిచి నడచిన పిమ్మట, 1914లో ఆ పన్ను రద్దయ్యెను. అంతకు ముందే 1910 ఫిబ్రవరిలో గోఖలే శాసనసభలో ప్రతిపాదించిన తీర్మానము ఫలితముగ నేటాలు దారి మూయబడియుండెను. ఇతర దేశములకు గిరిమిటి వలస 1917లో నిలిచినది.

1922 నాటి వలస చట్టము పూర్వపు లోపమును కొంత పూరించెను. శాసనసభ సమ్మతించిన షరతులపై, ప్రకటిత దేశములకే కూలీలను పంపవచ్చును. సింహళము, మలయా దేశములలో భారత ప్రభుత్వపు ఏజెంట్లు నియుక్తులైరి. రేవుననే నిలిచిన రక్షణ ఇట్లు తోట సమీపమునకు చేరినది. దాని స్థానమున వచ్చిన 1983 నాటి చట్టము రిక్రూటింగు ఏజెంటు రిజిస్టరు కావలెననియు, హామీ సొమ్ము నిలుపవలెననియు శాసించెను. చెన్నైలో నేడును వలస పరిరక్షకుని కార్యాలయము కలదు. ఆ యుద్యోగనామము గిరిమిటి కాలము నాటిదే.

ఈ విషయమున మరియొక మెట్టు పైకెక్కినది ఫిలిప్పీన్సు దేశము. 1995లో ఆ దేశపు ఇంటిపనిమనిషి యొకతె సింగపూరులో ఉరిదీయబడగా మనీలాలో ప్రజాగ్రహము పెల్లుబికి, ఆ యేటనే వలస శ్రామికుల చట్టము వెలువడెను. విదేశ యజమాని జీతము ఎగవేసినచో, పంపిన ఏజెన్సీయు ఆ బాకీకి ఉమ్మడిగాను విడిగాను బాధ్యత వహించును. శ్రామికుడు మనీలాలోనే దావా వేయవచ్చును. 2021లో వలస శ్రామికులకై ప్రత్యేక మంత్రిత్వశాఖయే ఏర్పడినది. భారత చట్టమున ఏజెంటు నిలిపిన హామీ సొమ్ము, అతడు పంపినవారిని స్వదేశమునకు రప్పింపవలసి వచ్చినచో అగు వ్యయమునకును ఉద్దిష్టమైనది. నేటాలు కూలికి తిరుగు ఓడ దొరకుటకు పదేండ్లు పట్టెడిది.