కాలేయమున నీటితిత్తి



మన అనంతపురపు మెట్టసీమలో వాన తప్పి పైరు పోయినను, గొఱ్ఱెల మంద సంసారమును నిలుపును. ఆ మందవెంటనే యొక రోగమును వచ్చుచున్నది. కుక్క ప్రేవులలోని సన్నని పురుగు గ్రుడ్లు మలముతో నేలబడి, మేతలోను నీటిలోను మన చేతులలోను చేరును. కడుపున జొచ్చినచో గొఱ్ఱెకైనను మనుష్యునకైనను కాలేయమున నీటితిత్తిగా పెరుగును.

సుశ్రుతుడు యకృత్తున బుట్టు విద్రధిని చెప్పెను. నాటి వైద్యునకు చేతిస్పర్శయు నొక యాధారము. 1911లో ఇటలీ వైద్యుడు కసోని ఈ తిత్తికి చర్మపరీక్షను కల్పించెను. అది పలుమారులు తప్పుటచే తరువాత విడిచిరి. 1981లో ట్యునీసియా వైద్యుడు ఘర్బీ మున్నగువారు ధ్వనితరంగముల చిత్రమును బట్టి తిత్తులను అయిదు తెగలుగా విభజించిరి.

ఇంత విచారణ యేల? పైత్యరస నాళములనుండి పుట్టు తిత్తికంతియు చూపున కిట్లే యుండవచ్చును. అది క్యాన్సరుగా మారగలదు గనుక సమూలముగ కోసి తీయుదురు. నీటితిత్తినో, తెలియక సూదితో పొడిచినచో లోని నీరు చింది ప్రాణాపాయము కలుగవచ్చును. స్కానింగును రక్తపరీక్షయు భేదమును తెలిసికొనుటకు తోడ్పడును.

నా బాల్యమున మా యూరి కాపరి యొకనికి కడుపుగడ్డపై వాతలు పెట్టిరి. గడ్డ తగ్గలేదు; మచ్చలు మిగిలినవి. లోపల చూపు సాధనము నాడు మాకు లేదు. నేడు అనంతపురముననే కలదు.

కావున పరీక్షింపక గడ్డను పొడువనీయకుడు. గొఱ్ఱె కార్జమును కుక్కకు వేయక లోతుగా పాతిపెట్టుడు. కుక్కను తాకిన చేయి కడిగియే అన్నము ముట్టుడు.