ఒక చట్టం, రెండు గొడవలు

1973 జనవరిలో అమెరికాలో నిక్సన్ ప్రభుత్వం బడ్జెట్‌కు కత్తెర పట్టింది. వైద్య, మనస్తత్వ శాస్త్రాల్లో పరిశోధక విద్యార్థులకు సర్కారు ఇస్తున్న ఫెలోషిప్పులను క్రమంగా ఎత్తేస్తామంది. రేపు వీళ్లంతా బాగానే సంపాదించుకుంటారు కదా, వాళ్ల చదువుకు జనం పన్నులెందుకు కట్టాలన్నది వాదన. అమెరికా విశ్వవిద్యాలయాలు గగ్గోలు పెట్టాయి.

ఆ సాయం అప్పటికే నలభై ఏళ్లు దాటినది. 1930లో రాన్స్‌డెల్ చట్టం పాత హైజీనిక్ లేబొరేటరీని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ (ఎన్‌ఐహెచ్)గా మార్చి, ఫెలోషిప్పులకు దారి తీసింది. 1937లో క్యాన్సర్ పరిశోధకుల వంతు వచ్చింది. మనసు సంగతి పట్టించుకోవడానికి మాత్రం రెండో ప్రపంచయుద్ధం ముగియాల్సి వచ్చింది. 1946 జులై 3న అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక సైకియాట్రీతో పాటు క్లినికల్ సైకాలజీ, సోషల్ వర్క్, నర్సింగ్ చదివేవాళ్లకూ శిక్షణ నిధులు అందాయి. 1947లో ఆ చట్టం కింద తొలి పరిశోధన గ్రాంటు ఇండియానా విశ్వవిద్యాలయంలోని విన్‌త్రాప్ కెలాగ్‌కు దక్కింది. 1931లో గువా అనే చింపాంజీ పిల్లను తెచ్చి, తన పసివాడు డోనాల్డ్‌కు తోడుగా నెలల తరబడి ఇంట్లో పెంచిన మనిషి ఆయనే. పసివాడి అనుమతి ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో అది చాలామందికి తప్పుగా తోచినట్టు లేదు.

తప్పుగా తోచే రోజు 1972 జులైలో వచ్చింది. అలబామాలోని మేకన్ కౌంటీలో 1932 నుంచి సుమారు 600 మంది నల్లజాతి పురుషులపై పబ్లిక్ హెల్త్ సర్వీసు ఒక అధ్యయనం నడుపుతోంది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్. వాళ్లకు రోగం పేరు చెప్పలేదు, 'చెడ్డ రక్తం' అన్నారు. పరీక్షల రోజున భోజనం, చనిపోతే అంత్యక్రియల ఖర్చు ఇచ్చారు. పెన్సిలిన్ చేతికొచ్చాక కూడా మందు వేయలేదు. ఆ సంస్థలోనే పనిచేసిన పీటర్ బక్స్టన్ ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పి, చివరికి సంగతి పత్రికలకు చేరవేశాడు. అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి జీన్ హెల్లర్ దాన్ని బయటపెట్టింది. ఫెలోషిప్పులిచ్చే ఎన్‌ఐహెచ్ కూడా ఆ పబ్లిక్ హెల్త్ సర్వీసు గొడుగు కిందిదే!

మరుసటేడు సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ విచారణలో బాధితులే వచ్చి సాక్ష్యం చెప్పారు. కాంగ్రెసు ఆ రెండు గొడవలనూ ఒకే బిల్లులో కట్టింది. 1974 జులై 12న నిక్సనే సంతకం పెట్టిన నేషనల్ రీసెర్చ్ యాక్ట్‌లో మొదటి భాగం ఫెలోషిప్పులను నిలబెట్టింది. రెండో భాగం పరిశోధనకు లోనయ్యే మనుషుల రక్షణకు కమిషన్‌ను వేసింది. 1979 నాటి బెల్మాంట్ నివేదిక ఆ కమిషన్ పనే.

నిక్సన్ వాదన పూర్తిగా ఓడలేదు కూడా. ఎంతకాలం స్టైపెండ్ తీసుకుంటే అంతకాలం పరిశోధనో బోధనో చేయాలి, లేదంటే వడ్డీతో సహా కట్టాలి అని షరతు పెట్టారు. పీహెచ్‌డీ విద్యార్థులకు 1993లో గానీ ఆ మెలిక తొలగలేదు. 2002లో ఈ అవార్డులకు రూత్ కిర్ష్‌స్టీన్ పేరు పెట్టారు. పోలియో టీకా భద్రతపై పనిచేసి, ఎన్‌ఐహెచ్‌లో ఒక సంస్థకు డైరెక్టరైన తొలి మహిళ ఆమె. ఇప్పుడు పీహెచ్‌డీ స్థాయిలో ఈ ఫెలోషిప్పును ఎఫ్-31 అంటారు. దరఖాస్తుకు ఒక పేజీలో లక్ష్యాలు, ఆరు పేజీల్లో పథకం రాయాలి. పరిశీలకులు 1 నుంచి 9 దాకా మార్కులేస్తారు. మన పరీక్షలకు తలకిందులుగా, 1 వస్తేనే గొప్ప.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో స్టూడెంట్ వీసాపై వెళ్లినవాళ్లకు ఇది అందదు. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. అందుకే మన పిల్లలు ఎక్కువగా ప్రొఫెసర్ గ్రాంటు మీద రీసెర్చ్ అసిస్టెంట్లుగా నెట్టుకొస్తారు. చట్టం రెండో భాగానికి మాత్రం వీసాతో పనిలేదు. రోగులను నాలుగు ప్రశ్నలడిగే చిన్న అధ్యయనమైనా, సమ్మతి పత్రం పట్టుకుని ముందు, పరిశోధనకు లోనయ్యేవాళ్ల రక్షణ చూసే సమీక్ష మండలి (ఐఆర్‌బీ) గడప తొక్కాల్సిందే.