కూర్పరసంధి: కోకర్ శస్త్రమార్గము

మోచేతి కీలును వెలుపలి పార్శ్వమునుండి తెఱచుటకు శస్త్రవైద్యు లవలంబించు పద్ధతులలో, 1909లో నోబెల్ బహుమానము నందిన స్విట్జర్లాండు దేశీయుఁడు థియొడోర్ కోకర్ పేరిట వాడుకలోనున్న మార్గము సుప్రసిద్ధము. ఆంకోనియస్, ఎక్స్‌టెన్సర్ కార్పై అల్నారిస్ అను కండరముల నడిమి సందున కత్తి సాగును. మొదటిదానికి రేడియల్ నాడియు, రెండవదానికి ఆ నాడినుండి చీలిన లోతైన పృష్ఠశాఖయు శక్తి నొసంగుచుండుటచే, ఆ సందును విడఁదీసినను ఏ కండరమును చచ్చుపడదు.

అయినను అసలు భయము ఆ పృష్ఠశాఖనుగూర్చియే. అది రత్ని యెముక మెడను చుట్టి, సూపినేటర్ కండరపు రెండు పొరల నడుమ దూరి, ముంజేతి వెనుకకు పోవును; దానికి గాయమైనచో చర్మమున స్పర్శ చెడదు గాని వ్రేళ్లను చాఁపుట దుర్లభమగును, మణికట్టు నెత్తినపుడు చేయి బొటనవ్రేలి వైపున కొరగును. కావున ముంజేతిని అరచేయి క్రిందగునట్లు త్రిప్పి, నాడిని కోఁతకు దూరముగా ముందువైపునకు జరుపుదురు; ఇంతటి సులభోపాయము శస్త్రశాస్త్రమున నరుదు. కోఁత మఱియు వెనుకకు పోయినచో వెలుపలి స్నాయువు తెగి కీలు సడలును. మోచేయి తగిలినపుడు జివ్వుమనిపించు అల్నార్ నాడి లోపలి పార్శ్వమున నుండుటచే ఈ మార్గమున కడ్డురాదు.