రేవులో కొట్టుకుపోయిన నూగు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డాబాల మీద బట్టలారేసేవాళ్ల నోట ఈమధ్య తరచూ వినబడే ఫిర్యాదు ఒకటే. వాషింగ్ మిషన్‌లోంచి తీసిన నల్లప్యాంటు నిండా తెల్లటి నూగు! ముదురు రంగు జాకెట్ల మీద, పిల్లల యూనిఫాం మీద, జేబు మూలల్లో, కాలరు కుట్ల కింద దూది నలకలు. తడిగా ఉన్నప్పుడు అంతగా కనబడవు. ఆరాక చేత్తో దులిపితే కొన్ని రాలతాయి, కొన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. మిషన్ పాడైందేమోనని మెకానిక్‌కు ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు.

మిషన్ ఆ నూగును కొత్తగా పుట్టించలేదు. అది బట్టదే. చెరువుగట్టు మీద, వాగు ఒడ్డున, కాలువ మెట్ల మీద బండకేసి బాదిన రోజుల్లోనూ బట్ట నూగు రాల్చింది, బహుశా ఇంతకంటే ఎక్కువే రాల్చింది. అప్పుడది పారే నీళ్లలో పోయింది. అలా పోవడానికి నీళ్లతోపాటు ఒక కులం మొత్తం చేసిన చాకిరీ కూడా కారణం. దాని గురించి మాట్లాడకుండా ఈ నూగు సంగతి తేలదు.

ముందు నూగు పుట్టుక చూద్దాం. ఈ ప్రాంతం వాళ్లకు దూదిని పరిచయం చేయనక్కర్లేదు. ఉమ్మడి నల్గొండ జిల్లా మెట్టభూముల్లో పత్తి ప్రధాన పంట. చలికాలం వచ్చిందంటే జిన్నింగ్ మిల్లుల ముందు పత్తి బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. క్వింటా పత్తిని మరపడితే దూది వచ్చేది మూడో వంతు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గింజే. ఆ దూదిలో ఒక్కో పోగు పొడవు మూడు సెంటీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. వెనకటి దేశవాళీ పత్తి పోగు ఇంకా పొట్టి. ఇంత పొట్టి పోగుల్ని మెలిపెడితేనే గజాల కొద్దీ దారం తయారవుతుంది. దారాన్ని పట్టి ఉంచేది ఆ మెలిక ఒక్కటే. కొసలు మాత్రం అడుగడుగునా బయటికి పొడుచుకొచ్చే ఉంటాయి. నానినప్పుడు, రాపిడి తగిలినప్పుడు ఆ కొసలు తెగి ఊడతాయి. అదే నూగు. పోగు ఎంత పొట్టిదైతే, మెలిక ఎంత వదులుదైతే అంత రాలుతుంది.

నేత తెలిసినవాళ్లు దీన్ని మొదట్లోనే అదుపు చేసేవాళ్లు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు వడికే స్త్రీలు ఇప్పటికీ వాలుగ చేప దవడతో దూదిని దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్లలో చెత్త, పొట్టి పీచు చిక్కుకుని, మంచి పోగులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. మన మగ్గాల ఊళ్లలో పడుగును వీధిలో పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో ఒకే వైపుకు దువ్వి ఆరబెట్టేవారు. లేచిన కొసలు ఆ గంజిలో దారానికి అంటుకుని పడుకునేవి. మిల్లులు వచ్చాక ఇదే పనికి ఇంకో దారి దొరికింది. గుడ్డను గ్యాస్ మంట మీదుగా వేగంగా పరిగెత్తిస్తే పైనున్న నూగు మాడిపోతుంది, గుడ్డకు ఏమీ కాదు. చవక బట్టల తయారీలో ఈ మెట్టును పైపైన కానిచ్చేస్తే, దాని ఫలితం మన మిషన్ జాలీలో తేలుతుంది.

ఇక రేవు దగ్గరికి వద్దాం. చాకలివాళ్ల పనిని బండకేసి బాదడంగా మాత్రమే చూడటం ఆ పనికి చేసిన అన్యాయం. ఇంటింటి మూట విప్పి, ఎవరి బట్ట ఏదో తెలిసేలా నల్లజీడి రసంతో అంచున చిన్న గుర్తు పెట్టడంతో పని మొదలయ్యేది. ఆ గుర్తు బట్ట చిరిగేదాకా పోదు. తర్వాత సౌడు. చౌడు నేలల్లో పైకి తేలిన తెల్లమట్టిని గీకి తెచ్చి, నీళ్లలో కలిపి, అందులో బట్టలు ముంచి తీసేవారు. అందులోని క్షారం జిడ్డును విరుస్తుంది. ఆ బట్టల్ని పెద్ద బాన మీద వరసగా పేర్చి, కింద మంట పెట్టి, రాత్రంతా ఆవిరి పట్టించడమే ఉబ్బ వేయడం. ఏ బట్ట ఆవిరికి దగ్గరగా ఉండాలి, ఏది పైన ఉండాలి, రంగు బట్టను దేనికి ఆనించకూడదు అన్నది చేతికి తెలిసిన విద్య. తెల్లవారుజామున బండ దగ్గర బాదుడు, తర్వాత పారే నీళ్లలో జాడింపు. గుడ్డను రెండు చేతులా పట్టుకుని ప్రవాహానికి అడ్డంగా పరిచి, లాగి, మళ్లీ పరిచేటప్పుడు ఊడిన ప్రతి పోగూ నీటితో వెళ్లిపోయేది. పిండి, గట్టిగా దులిపి, ఎండలో పరిచేవారు. తెల్లబట్టకు నీలిమందు, నూలుబట్టకు గంజి. ఆ గంజి ఫెళఫెళలాడే చొక్కా కోసమే కాదు, నూగు కొసల్ని మళ్లీ పడుకోబెట్టడానికి కూడా పనికొచ్చేది. పడుగుకు నేతగాడు చేసినదాన్నే చాకలి ప్రతి ఉతుకులోనూ బట్టకు చేసేవాడన్నమాట.

ఇంత నేర్పుకు దక్కిందేమిటి? నిజాం కాలపు నల్గొండ జిల్లాలో దక్కింది వెట్టి. దేశ్‌ముఖుల గడీల్లో, ఊరికొచ్చిన అధికారుల బసల్లో బట్టలుతకడం, అంట్లు తోమడం చాకలి ఇంటి ఆడామగా అందరి నెత్తినా పడిన పని. కూలి అడిగే హక్కు లేదు. ఊళ్లో వాళ్లిచ్చే గింజలే ఏడాది పొడవునా బతుకుదెరువు. అప్పట్లో ఇదే జిల్లా కింద ఉన్న జనగామ తాలూకా పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు తీసుకున్న పొలంలో పంట పండిస్తే, దాన్ని ఎత్తుకుపోవడానికి విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి మనుషులు వచ్చారు. ఆంధ్రమహాసభ సంఘం అండతో ఆమె ఆ గింజల్ని తన ఇంటికే చేర్చుకుంది. 1895లో పుట్టి 1985లో కన్నుమూసిన ఆమెను తెలంగాణ అంతా చాకలి ఐలమ్మగానే తలుచుకుంటుంది. 2024లో హైదరాబాద్ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. అదే పాలకుర్తి పేరును ఇంటిపేరుగా మోసిన పాల్కురికి సోమనాథుడు ఏడెనిమిది వందల ఏళ్ల కింద బసవపురాణంలో మడివాలు మాచయ్య అనే చాకలి భక్తుడి కథను ద్విపదలో చెప్పాడు. ఒకే ఊరి పేరు మీద ఈ ఇద్దరూ ఉండటం నాకెప్పుడూ గొప్పగా అనిపిస్తుంది.

ఆ వెట్టికి, దేశ్‌ముఖుల పెత్తనానికి ఎదురుతిరిగిన తెలంగాణ సాయుధపోరాటం 1951లో ముగిసింది. ఈ ప్రాంతం రూపును మార్చిన తర్వాతి ఘట్టం నీళ్లది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ నేలల మీదుగా పారింది. వరి పెరిగింది, మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు వెలిశాయి, ఊళ్లు పట్టణాలయ్యాయి. కాలువ మెట్లే కొత్త రేవులయ్యాయి. కానీ పట్టణం పెరిగిన చోటల్లా ఇంటి వాడకానికి బోరు దిగింది. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు, అక్కడ నేల కింద సున్నపురాయి ఉంది. ఆ రాతిపొరల్లోంచి వచ్చే నీటిలో సున్నం ఎక్కువ. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. సున్నం, సబ్బు కలిసి జిగటగా బూడిదరంగు తెట్టు కడుతుంది. ఆ తెట్టు గుడ్డలో దిగి పోగుల్ని బిరుసెక్కిస్తుంది. బిరుసెక్కిన పోగు తొందరగా విరుగుతుంది, విరిగిన పోగు ఆ తెట్టుకే అంటుకుని ఉండిపోతుంది. బోరునీళ్లతో ఉతికిన నల్లచొక్కా మీద నూగు మరీ మొండిగా ఉండటానికి ఇదొక కారణం. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాక బాధ కొంత తగ్గింది, ఎందుకంటే డిటర్జెంటు పొడి సున్నపు నీళ్లలోనూ సబ్బు కంటే బాగా పనిచేస్తుంది.

ఇంట్లో బట్టలు కూడా మారాయి. మన తుండుగుడ్డ చదునైన నేత, నాలుగు ఉతుకులు పడ్డాక దాన్నుంచి ఊడేది కొద్దిగానే. టర్కీ టవల్ అలా కాదు. ఇంగ్లండ్‌కు చెందిన హెన్రీ క్రిస్టీ టర్కీలో చూసిన ఉంగరాల నేతను 1850 ప్రాంతంలో యంత్రం మీదికి తెచ్చి, 1851లో లండన్ మహాప్రదర్శనలో పెట్టారు. ఆ టవల్ నీళ్లు బాగా పీల్చాలంటే ఉంగరాల దారం మెలిక వదులుగా ఉండాలి. మెలిక వదులైతే నూగు తప్పదు. ఇంకో వైపు నుంచి పాలిస్టర్ వచ్చింది. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన ఆ దారం 1970ల నాటికి టెరికాట్ చొక్కాగా మన పెళ్లిళ్లలో కనబడింది. నలగదు, తొందరగా ఆరుతుంది. అయితే రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టి గాల్లోని ధూళిని, దూదిని దగ్గరికి లాక్కుంటుంది. ఒకటి ఇచ్చేది, ఇంకొకటి పుచ్చుకునేది. ఆ రెండింటినీ కలిపి ఒకే డబ్బాలో తిప్పడమే మన ఇళ్లలో జరుగుతున్నది.

మిషన్ లోపల ఏం జరుగుతుందో చూస్తే మిగతాది అర్థమవుతుంది. పైనుంచి బట్టలు వేసే రకంలో అడుగున ఉన్న చక్రం నీళ్లను సుడి తిప్పుతుంది, బట్టలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఊడిన పోగులు ఆ నీళ్లలోనే తేలుతుంటాయి. ఉతుకు అయ్యాక నీళ్లు కిందికి దిగిపోతాయి. అలా దిగేటప్పుడు బట్టల గుండానే దిగాలి. అంటే మన బట్టలే వడకట్టే గుడ్డలవుతాయి, నూగంతా వాటి మీదే ఆగుతుంది. రేవులో నీరు నూగును బట్ట నుంచి దూరంగా తీసుకుపోయింది, మిషన్‌లో నీరు దాన్ని బట్ట మీదే దించి తాను వెళ్లిపోతోంది. దీన్ని కొంతైనా ఆపడానికే తొట్టి గోడకు చిన్న జాలీ సంచి పెడతారు. సుడి తిరిగే నీళ్లు అందులోంచి పోతూ నూగును అక్కడ వదులుతాయి. ముందునుంచి తలుపు తీసే రకంలో కింద మూలన చిన్న మూత వెనక ఇంకో జాలీ ఉంటుంది. అది ముఖ్యంగా పంపును కాపాడటానికి పెట్టింది. నాణేలు, గుండీలు, పిన్నీసులు, వాటికి చుట్టుకున్న నూగు ముద్ద అందులో చిక్కుతాయి. అందుకే నూగు ఫిర్యాదుతో వచ్చిన మెకానిక్ ముందు అడిగేది జాలీ ఎప్పుడు శుభ్రం చేశారని.

రేవు నేర్పిన పాఠాలు ఇక్కడా పనిచేస్తాయి. చాకలి రంగు బట్టను వేరుచేసినట్టే టర్కీ టవళ్లు, దుప్పట్లు, కొత్త నూలు బనియన్లు ఒక విడత, ప్యాంట్లు, జాకెట్లు, పాలిస్టర్ చీరలు మరో విడత వేయాలి. ముదురు రంగువి తిరగేసి వేస్తే నూగు లోపలి వైపే ఉంటుంది, పైపోగులు కూడా అరగవు. తొట్టిని కుక్కి నింపితే నీళ్లకు తిరిగే చోటుండదు, సగానికి కాస్త పైన ఆపాలి. జేబుల్లో మరిచిపోయిన పేపర్ న్యాప్‌కిన్, బస్సు టికెట్టు ఒక్కటి చాలు, ఆ విడత బట్టలన్నిటి మీద తెల్లటి చితుకులు కనబడతాయి. పొడి ఎక్కువ పోస్తే మురికి బాగా పోతుందనుకోవడం మన ఇళ్లలో గట్టిగా నాటుకున్న భ్రమ. కరగని పొడి నూగుతో కలిసి బంకలా పట్టుకుంటుంది. బోరునీళ్లయితే చివరి జాడింపు ఇంకోసారి పెట్టుకోవడం మేలు. తీసిన వెంటనే ఒక్కో బట్టనూ రెండు కొసలు పట్టి ఫట్ ఫట్‌మని దులిపి ఆరేస్తే సగం నూగు అక్కడే రాలుతుంది. ఆరాక మిగిలినదాన్ని కాస్త తడిచేసిన అరచేత్తో ఒకే వైపుకు నిమిరితే వచ్చేస్తుంది. నూలు చీరలకు, కాటన్ చొక్కాలకు పల్చటి గంజి పెట్టే అలవాటు ఉన్న ఇళ్లలో ఈ బాధ తక్కువే. అన్నం వండుకునే ఇంట్లో గంజికి వేరే ఖర్చేమీ లేదు కదా.

నూగు ఇంట్లోంచి బయటికి పోయాక ఏమవుతుందన్నది ఇప్పటి మన కాలం ప్రశ్న. నూలు నూగు నీళ్లలో చివికిపోతుంది, సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. చెరువులు వందల ఏళ్లు మోసిన నూగు అదే. పాలిస్టర్ నూగు అంత తేలిగ్గా చివకదు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నాపర్, థామ్సన్ 2016లో లెక్కగట్టింది ఇది: ఆరు కిలోల బట్టలు మిషన్‌లో ఒక్కసారి ఉతికితే పాలిస్టర్-నూలు కలిసిన గుడ్డ నుంచి 1,37,000కు పైగా పోగులు, పాలిస్టర్ నుంచి 4,96,000 దాకా, ఆక్రిలిక్ నుంచి 7,28,000కు పైగా ఊడతాయి. ఎక్కువ భాగం కంటికి ఆనవు. కొత్త మిషన్లకు వీటిని ఆపే వడపోత ఉండాలని ఫ్రాన్స్ 2020లోనే చట్టంలో రాసుకుంది.

మనకిది ఎక్కడో దూరదేశం మాట కాదు. హైదరాబాద్ మురుగును మోసుకుని మూసీ దిగువకు వస్తుంది. 1963 నాటి మూసీ ప్రాజెక్టు సూర్యాపేటకు దగ్గర్లోనే ఉంది, ఆ నీళ్లు పొలాలకు పారుతున్నాయి. అక్కడి నుంచి కిందికి వెళ్లి మిర్యాలగూడ వైపు వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. నగరం ఉతికిన నీళ్లు, మన పట్టణాలు ఉతికిన నీళ్లు చేరేది ఆ దారిలోనే.

ఉతుకు వృత్తిలోనే ఉన్న రజకులు కూడా ఇప్పుడు మిషన్ మీద, ఇస్త్రీపెట్టె మీద ఆధారపడుతున్నారు. 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. వెట్టి చేసిన చేతులకు అందిన ఈ కొద్దిపాటి సాయం ఉండాల్సిందే. ఇప్పుడు కడుతున్న యాంత్రిక ధోబీఘాట్లలో నూగును ఆపే మంచి వడపోత కూడా పెడితే ఆ ఖర్చుకు తగిన ప్రయోజనం ఉంటుంది. ఒక ఇంటి జాలీ కంటే ఊరంతటి బట్టలుతికే చోట పెట్టిన జాలీ ఆపే నూగు ఎంతో ఎక్కువ.

ఇంట్లో మటుకు ఒక్క అలవాటు మార్చుకుంటే చాలు. జాలీలో చేరిన నూగును కుళాయి కింద పట్టి సింకులోకి కడిగేయకండి. జాలీని ఎండలో పెట్టండి. ఆరాక ఆ ముద్ద చేత్తో లాగితే చెక్కలా ఊడివస్తుంది. దాన్ని పొడిచెత్త బుట్టలో వేయండి.